వెయ్యి మిల్లీగ్రాముల లోటు

రక్తం తక్కువగా ఉందని డాక్టరు చెప్పగానే మన ఇళ్లలో పుట్టే ప్రశ్న ఒకటే: ఏం తింటే రక్తం పడుతుంది? జవాబులు కూడా సిద్ధంగా ఉంటాయి. బీట్‌రూట్ రసం, దానిమ్మ గింజలు, ఖర్జూరం, బెల్లం ముక్క, పాలకూర పప్పు. పక్కింటివాళ్లు, అత్తగారు, యూట్యూబ్, అందరూ ఈ జాబితానే అటూ ఇటూ మార్చి చెబుతారు. వీటిలో చెడ్డది ఏదీ లేదు. కానీ ఆ ప్రశ్నకంటే ముందు అడగవలసినవి రెండున్నాయి. ఒంట్లోని ఇనుము ఎటు పోతోంది? ఇప్పటికి ఎంత లోటు పడింది? ఇవి తేలకుండా తిండి గురించే మాట్లాడుకుంటూ ఉండటంతో నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతున్నాయి. ఇనుము లోపం గురించి వైద్యానికి ఇప్పటివరకు తెలిసినదంతా ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: ఉన్న నిల్వను తిండి కాపాడుతుంది. ఖాళీ అయిన నిల్వను చాలామందిలో మందే నింపాలి. పోతున్న దారి మూయకపోతే తిండీ మందూ రెండూ వృథా అవుతాయి.

ముందు లెక్క చూద్దాం. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపి 3 నుంచి 4 గ్రాములే. అందులో సుమారు మూడింట రెండు వంతులు ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌లో ఉంటుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కాలేయంలో, ప్లీహంలో, ఎముక మజ్జలో నిల్వ ఉంటుంది. ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అది ముసలిదై విచ్ఛిన్నమైనప్పుడు దానిలోని ఇనుమును శరీరం పారేయదు. రోజుకు 20-25 మిల్లీగ్రాముల చొప్పున కొత్త కణాలకు మళ్లీ వాడుకుంటుంది. చర్మం, పేగు లోపలి పొర రాలడం వల్ల పోయేది రోజుకు దాదాపు 1 మిల్లీగ్రాము. తిండిలోంచి లోపలికి చేరవలసిందీ అంతే. మగవాళ్లకు ఈ జమాఖర్చు సులువుగానే సరిపోతుంది. నెలసరి వచ్చే ఆడవాళ్లకు అలా కాదు. ఒక్కో మిల్లీలీటరు రక్తంతో అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. నెలసరిలో 30-40 మిల్లీలీటర్లు పోవడం మామూలే కాబట్టి నెలకు 15-20 మిల్లీగ్రాములు అదనపు ఖర్చు. 80 మిల్లీలీటర్లు దాటేవాళ్లకు ఆ ఖర్చు 40 దాటుతుంది. ఇక గర్భం వస్తే బిడ్డకు, మాయకు, తల్లి ఒంట్లో పెరిగే రక్తానికి, కాన్పులో పోయేదానికి అన్నీ కలిపి సుమారు 1000 మిల్లీగ్రాములు కావాలి.

50 కిలోల బరువున్న ఒకామెకు హీమోగ్లోబిన్ 8 గ్రాములు ఉందనుకుందాం. దాన్ని 12కు తేవడానికి వైద్యులు వాడే సూత్రం ప్రకారం దాదాపు 480 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఖాళీ అయిన నిల్వలకు మరో 500. మొత్తం వెయ్యికి కాస్త అటూ ఇటూ. బాగా తిని, రోజువారీ ఖర్చు పోను రోజుకు 1 మిల్లీగ్రాము మిగిల్చిందనుకున్నా ఆ లోటు పూడటానికి వెయ్యి రోజులు పడుతుంది. నెలసరి ఖర్చు ఎక్కువగా ఉంటే ఆ ఒక్క మిల్లీగ్రామూ మిగలదు. అదే 60 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న మాత్ర రోజుకొకటి వేసుకుని, అందులో పదో వంతుకు కాస్త పైన ఒంటబట్టినా నాలుగైదు నెలల్లో పని పూర్తవుతుంది. సిరలోకి ఎక్కించే మందుతో అయితే ఆ వెయ్యి మిల్లీగ్రాములూ ఒక్క పూటలో లోపలికి చేరతాయి. ఇనుము తక్కువైనప్పుడు పేగు ఎక్కువ పీల్చుకుంటుంది కనుక మనిషి మనిషికీ ఈ అంకెలు మారతాయి. అయినా మూడు దారుల మధ్య ఉన్న దూరం ఎంతో ఇందులో కనిపిస్తుంది. హీమోగ్లోబిన్ 8 ఉన్న మనిషికి దానిమ్మ రసం తాగమని చెప్పి పంపడం అంటే ఆమెను ఇంకో మూడేళ్లు ఆయాసంతో బతకమనడమే.

ఇక ఇనుము పోయే దారుల సంగతి. నెలసరిలో ఎక్కువ రక్తం పోవడాన్ని మన ఆడవాళ్లు జబ్బుగా లెక్కవేయరు. అమ్మకూ అలాగే అయ్యేది, అక్కకూ అంతే, అందుకని తనకూ అది మామూలే అనుకుంటారు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి రావడం, గడ్డలు పడటం, ఏడు రోజులు దాటడం, రాత్రి పక్కబట్టలు తడవడం, ఇవన్నీ డాక్టరుకు చెప్పవలసిన విషయాలు. డాక్టరు కూడా అడిగి తెలుసుకోవలసినవి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీసేసే ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల వరుసలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. దీని వెనక చాలా కారణాలున్నాయి. కానీ ఏళ్ల తరబడి అధిక రక్తస్రావాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం, చివరకు భరించలేక వెళ్లినప్పుడు గర్భసంచి తీసేయడమే పరిష్కారంగా చూపించడం వాటిలో ఒకటని నేను నమ్ముతున్నాను. మధ్యలో చేయదగినవి చాలా ఉన్నాయి. రక్తస్రావం ఉన్న రోజుల్లో వేసుకునే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి, హార్మోన్ మాత్రలు ఉన్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం ఉంది. ఫైబ్రాయిడ్ గడ్డలుంటే వాటికి వేరే వైద్యం ఉంది. ఇనుము మాత్ర రాసిచ్చే ప్రతి చీటీలోనూ ఇనుము ఎటు పోతోందన్న ప్రశ్నకు జవాబు ఉండాలి.

రెండో దారి పేగు. మొలలనుంచి కొద్దికొద్దిగా పోయే రక్తం, కడుపులో పుండు, మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి మింగే నొప్పి మాత్రల వల్ల లోపల కనబడకుండా అయ్యే రక్తస్రావం ఈ కోవలోకి వస్తాయి. పొలం పనిలో చెప్పుల్లేకుండా నడిచేవారికి కొంకి పురుగులు పాదాల చర్మంలోంచి లోపలికి వెళ్లి పేగుకు కరుచుకుని రక్తం పీలుస్తాయి. వాటిలో ఒక జాతి పురుగు ఒక్కొక్కటి రోజుకు 0.15 నుంచి 0.2 మిల్లీలీటర్ల రక్తం తాగుతుంది. వందల్లో ఉంటే ఇక ఏ తిండీ చాలదు. 2015 నుంచి బడుల్లో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల నివారణ దినం పేరుతో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నది అందుకే. ఇక యాభై దాటిన మగవారిలోనో, నెలసరి ఆగిపోయిన స్త్రీలోనో కొత్తగా ఇనుము లోపం కనిపిస్తే దాన్ని తిండి లోపంగా తీసిపారేయకూడదు. పెద్దపేగు క్యాన్సర్ మొదటి గుర్తు ఒక్కోసారి అదే. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించుకోమని డాక్టరు చెబితే వెనకాడవద్దు. గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలో, బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఇనుము పోకపోయినా లోపలికి చేరేది తగ్గిపోతుంది.

ఎంత లోటుందో తెలియాలంటే పరీక్ష కావాలి. మన దగ్గర పరీక్ష అంటే హీమోగ్లోబిన్ ఒక్కటే. అది చివరగా పడిపోయే అంకె. ముందు నిల్వలు ఖాళీ అవుతాయి, తరవాత కొత్త కణాల తయారీకి ఇనుము చాలకుండా పోతుంది, ఆ తరవాతే హీమోగ్లోబిన్ తగ్గుతుంది. నిల్వల సంగతి చెప్పేది ఫెరిటిన్ పరీక్ష. పెద్దవాళ్లలో లీటరుకు 15 మైక్రోగ్రాములకంటే తక్కువైతే లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతాయి. వైద్యుల్లో చాలామంది 30 కంటే తక్కువైనా లోపంగానే చూస్తారు. ఒక చిక్కు ఉంది. ఒంట్లో ఇన్ఫెక్షన్ గానీ వాపు గానీ ఉంటే ఫెరిటిన్ దానికదే పెరుగుతుంది; అలాంటప్పుడు 70 ఉన్నా లోపం ఉండొచ్చు. హీమోగ్లోబిన్ 12.5 ఉన్నా ఫెరిటిన్ 8 ఉన్న అమ్మాయిలు ఎందరో ఉంటారు. అలసట, జుట్టు రాలడం, గుండె దడ, రాత్రిళ్లు కాళ్లు నిలకడ లేకుండా గుంజడం, పచ్చిబియ్యం, బలపాలు, మట్టి, ఐసు ముక్కలు తినాలనిపించడం ఇలాంటివాళ్లలో కనబడుతుంటే, రిపోర్టు మామూలుగానే ఉంది కదా అని ఇంటికి పంపేస్తారు. పచ్చిబియ్యం నమిలే అలవాటును ఇంట్లోవాళ్లు చెడ్డ అలవాటని తిడతారు. ఇనుము నిండాక చాలామందిలో అది దానంతటదే పోతుంది.

రక్తం తక్కువగా ఉన్న ప్రతివారికీ ఉన్నది ఇనుము లోపం కాదన్నది మరో సంగతి. బీ12 లోపం మన శాకాహారుల్లో ఎక్కువ. బీటా తలసీమియా లక్షణం మోసేవారిలో ఎర్ర కణాలు చిన్నవిగా ఉంటాయి, రిపోర్టు చూడటానికి ఇనుము లోపంలానే ఉంటుంది. పాడేరు, ఆదిలాబాద్ ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. 2023లో కేంద్రం దాని నిర్మూలనకు జాతీయ మిషన్ ప్రారంభించింది. వీళ్లకు లోపం ఉందని పరీక్షలో తేలకుండా ఏళ్ల తరబడి ఇనుము పెట్టడం తప్పు. ఎర్ర కణాల పరిమాణం, ఫెరిటిన్, అవసరమైతే హీమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఇవన్నీ మన జిల్లా కేంద్రాల్లో దొరికే పరీక్షలే. మాత్రలు సరిగ్గా వేసుకున్నా నెలలో హీమోగ్లోబిన్ 1 గ్రామైనా పెరగకపోతే ఈ దారిలో వెతకాలి.

దేశం మొత్తం లెక్కలోనూ ఇలాంటి చిక్కే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. అయిదేళ్లలోపు పిల్లల్లో దేశంలో 67.1 శాతం, తెలంగాణలో 70. అంతకుముందు సర్వేకంటే దేశంలో ఈ అంకెలు పెరిగాయి. అయితే ఆ సర్వేలో వేలికొన నుంచి తీసిన రక్తపు చుక్కతో పరీక్ష చేశారు. సిరనుంచి రక్తం తీసి చేసిన 2016-18 జాతీయ సమగ్ర పోషకాహార సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతమే తేలింది. వయసుల్లో కాస్త తేడా ఉన్నా ఇంత వ్యత్యాసం పట్టించుకోదగ్గదే. ఆ సర్వేలోనే ఇనుము లోపం 32 శాతం పిల్లల్లో కనిపించింది. అంటే రక్తహీనత అంతా ఇనుము లోపం వల్లే రాదు, ఇనుము లోపం ఉన్నవారందరికీ రక్తహీనత కనబడదు. తరవాతి కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ వేలికొన పరీక్షను తీసేసి, సిర రక్తంతో చేసే వేరే సర్వే బాధ్యతను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు ఇచ్చారు. కొలత సరిదిద్దుకోవడం మంచిదే. కొలతలో తప్పుందన్న వాదనను పట్టుకుని సమస్యే లేదని తేల్చేయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. తక్కువ లెక్క చూపించిన ఆ సర్వేలోనే యుక్తవయసు ఆడపిల్లల్లో 40 శాతం మందికి, మగపిల్లల్లో 18 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ రెండు అంకెల మధ్య తేడాకు ఏ పరికరం మీదా నెపం పెట్టలేం.

ఇప్పుడు తిండి. ఎర్రగా ఉన్నది తింటే రక్తం పడుతుందన్న నమ్మకం మన దగ్గర గట్టిది. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము 1 మిల్లీగ్రాము కూడా ఉండదు, దానిమ్మలో ఇంకా తక్కువ. రంగుకూ ఇనుముకూ సంబంధం లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికల్లో 100 గ్రాములకు సజ్జల్లో సుమారు 6.4 మిల్లీగ్రాములు, రాగుల్లో 4.6, ఉలవల్లో 8.8, నల్ల నువ్వుల్లో 13.9, మునగాకులో 4.6, బెల్లంలో 4.6 ఉన్నాయి. పాలిష్ పట్టిన బియ్యంలో 0.65. మన పళ్లెంలో సింహభాగం ఈ చివరిదే. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుంటే దొరికేది 2 మిల్లీగ్రాముల లోపు, 50 గ్రాముల కందిపప్పు వేస్తే మరో 2. అదే సంస్థ 2020లో చెప్పిన సిఫారసు మగవారికి రోజుకు 19, స్త్రీలకు 29 మిల్లీగ్రాములు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక ఆకలి తగ్గిందన్నది నిజం, దాని విలువ తక్కువది కాదు. రాయలసీమ సంగటినీ, తెలంగాణ జొన్నరొట్టెనూ, సజ్జ గటకనూ ఆ తెల్లన్నం పక్కకు నెట్టిందన్నదీ నిజమే.

పట్టికలోని అంకెకూ ఒంటబట్టేదానికీ దూరం ఉంది. గింజలు, ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుములో 2 నుంచి 20 శాతం మాత్రమే పేగు పీల్చుకుంటుంది, మనం తినే భోజనాల్లో ఎక్కువసార్లు కింది అంకెకు దగ్గరగా. గింజల పైపొరలోని ఫైటేట్‌లు, టీలోని టానిన్లు ఇనుమును పట్టేసి వదలవు. మాంసం, చేప, కార్జం, తెలంగాణలో వండుకునే మేక నల్ల (రక్తం), వీటిలో హీమ్ రూపంలో ఉండే ఇనుము 15 నుంచి 35 శాతం దాకా ఒంటబడుతుంది. పక్కనున్న అన్నం పప్పుల్లోని ఇనుమును కూడా మాంసం లోపలికి లాగుతుంది. నల్ల కూర, కార్జం వేపుడు పేదవాళ్ల తిండి అన్న చిన్నచూపు ఇంకా పోలేదు. ఇనుము లెక్కలో వాటికి సాటివచ్చేవి మన వంటల్లో ఎక్కువ లేవు. గర్భిణులు మాత్రం మొదటి నెలల్లో కార్జం తగ్గించుకోవాలి, అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ. గుడ్డు మంచి ఆహారమే, ఇనుము కోసం మాత్రం దాని మీద ఆధారపడలేం. పచ్చసొనలోని ఇనుము సరిగా ఒంటబట్టదు.

మాంసం తినని ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదా అంటే, చాలా ఉంది. పులుపు మొదటిది. విటమిన్ సీ ఇనుమును పేగు పీల్చుకోగల రూపంలో ఉంచుతుంది. జామకాయలో 100 గ్రాములకు సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ సీ ఉంది. అన్నం భోజనంతో పాటు జామకాయ తిన్న యుక్తవయసువారిలో ఇనుము శోషణ పెరిగిందని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చూపించారు. జామకాయను సాయంత్రం చిరుతిండిగా కాకుండా భోజనంతో కలిపి తింటేనే ఈ లాభం. పప్పు దించాక నిమ్మకాయ పిండుకోవాలి, ఉడుకుతున్నప్పుడు వేస్తే విటమిన్ తగ్గిపోతుంది. ఉసిరికాయ పచ్చిగా నంజుకోవచ్చు. రెండోది నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం. ఇడ్లీ పిండి పులిసినప్పుడు, రాగులు మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టినప్పుడు ఫైటేట్‌లు తగ్గుతాయి. అమ్మమ్మలు చంటిపిల్లలకు చేసిన మొలకల రాగిమాల్ట్‌కు ఈ బలం ఉంది. రాగులను నేరుగా మర పట్టించిన పిండికి అంత ఉండదు. మూడోది టీ, కాఫీ. భోజనంతో పాటు తాగిన టీ శోషణను సగానికిపైగా తగ్గించగలదు. గంటన్నర ఆగి తాగితే ఆ నష్టం చాలావరకు ఉండదు. టిఫిన్‌తో పాటే టీ తాగే అలవాటు మార్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. నాలుగోది ఇనుప మూకుడు. పులుపు వేసి అందులో వండితే కూరలోకి కొంత ఇనుము దిగుతుంది. ఇథియోపియాలో ఇనుప పాత్రల్లో వండిపెట్టిన పిల్లల్లో హీమోగ్లోబిన్ పెరిగినట్టు 1999లో ఒక పరిశోధన చూపించింది. కంబోడియాలో వంటలో వేసే చేప ఆకారపు ఇనుప దిమ్మె మీద మొదట ఆశలు పుట్టినా తరవాతి పరీక్షలో ఫలితం దక్కలేదు. కాబట్టి మూకుడు ఉంటే వాడుకోవాలి, దాన్నే వైద్యం అనుకోకూడదు.

చిరుధాన్యాల మీద ఇప్పుడు ఉత్సాహం ఎక్కువగా ఉంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తోటి సంస్థలతో కలిసి 2021లో పాత పరిశోధనలన్నిటినీ క్రోడీకరించి, క్రమం తప్పకుండా చిరుధాన్యాలు తిన్నవారిలో హీమోగ్లోబిన్ సగటున 13 శాతం పెరిగిందని చెప్పారు. ఇక్రిశాట్‌లోనే ఎక్కువ ఇనుముండే ధనశక్తి సజ్జ రకం తయారై 2012లో మహారాష్ట్రలో విడుదలైంది. ఇనుము పెంచిన సజ్జ రొట్టెలు తిన్న అక్కడి బడిపిల్లల్లో నిల్వలు మెరుగయ్యాయి కూడా. నాకు ఇది ఆశ కలిగించే దారి, వంగడంలోనే ఇనుము పెంచితే తినేవారి అలవాటు మార్చనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023 నుంచి రాగిజావ ఇస్తున్నారు, పల్లీ చిక్కీ అంతకుముందు నుంచే ఉంది. చిక్కీలోని బెల్లం 15-20 గ్రాములే కాబట్టి దాన్నుంచి వచ్చే ఇనుము 1 మిల్లీగ్రాముకు మించదు. అది బలానికి మంచిది, రక్తహీనతకు మందు కాదు. తెలంగాణ అంగన్‌వాడీల్లో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. మంచి పథకం. ఆ పాలు భోజనంతో కాకుండా రెండు గంటల తేడాతో తాగితే ఇనుముకు పాలలోని కాల్షియం అడ్డు రాదు. పాల విషయంలో పెద్ద పొరపాటు జరిగేది ఏడాది దాటిన పిల్లల దగ్గర. అన్నం తినడం లేదని రోజంతా గేదెపాలే పడితే, బిడ్డ బొద్దుగా ఉంటుంది, ఇనుము ఉండదు.

మాత్రల చరిత్ర మనకు దగ్గరిది. గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. బొంబాయిలో గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్టుతో తయారైన ఆహారంతో తగ్గుతోందని బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ 1931లో ప్రకటించారు. ఆ ఈస్టులోని పదార్థమే ఫోలిక్ యాసిడ్ అని తరవాత తేలింది. దాన్ని 1940ల మధ్యలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1970లో దేశంలో మొదలైన రక్తహీనత నివారణ కార్యక్రమంలో ఈ రెండిటినీ ఒకే మాత్రలో కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. 2018లో అది అనీమియా ముక్త్ భారత్‌గా మారింది. గర్భిణులకు, బాలింతలకు 60 మిల్లీగ్రాముల ఇనుముండే ఎర్ర మాత్ర రోజూ 180 రోజుల చొప్పున, బడి ఆడపిల్లలకూ మగపిల్లలకూ వారానికొక నీలం మాత్ర, అయిదు నుంచి తొమ్మిదేళ్లవారికి గులాబీ రంగు మాత్ర, అంతకంటే చిన్నపిల్లలకు వారానికి రెండుసార్లు సిరప్.

యాభై ఏళ్లుగా మాత్రలు ఇస్తూ ఉన్నా ఫలితం ఎందుకు చాలలేదు? మాత్రలు ఇవ్వడం ఒకటి, లోపలికి వెళ్లడం ఇంకొకటి. ఇనుము మాత్రతో వికారం, మలబద్ధకం, కడుపునొప్పి వస్తాయి, మలం నల్లగా అవుతుంది. ఆ నలుపు ప్రమాదం కాదని ముందే చెప్పకపోతే ఎవరైనా భయపడి మానేస్తారు. మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందనీ, బిడ్డ మరీ పెరిగి కాన్పు కష్టమవుతుందనీ ఉన్న నమ్మకాలు ఇంకా పోలేదు. వాటిని ఆశా కార్యకర్త ఒక్కతే ఇల్లిల్లూ తిరిగి పోగొట్టలేదు, అత్తగారికీ భర్తకూ డాక్టరే నోరు విప్పి చెప్పాలి. మరో తప్పు ఆసుపత్రుల్లోనే జరుగుతుంది. ఇనుము, కాల్షియం మాత్రలు రెండూ ఒకేసారి ఇచ్చి, రెండూ కలిపి వేసుకోవద్దని చెప్పడం మరిచిపోతారు. వాటి మధ్య కనీసం రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటలు తేడా ఉండాలి.

గత పాతికేళ్లలో వచ్చిన జ్ఞానంలో ముఖ్యమైనది హెప్సిడిన్. కాలేయం తయారుచేసే ఈ హార్మోన్‌ను 2000 ప్రాంతంలో కనుగొన్నారు. ఒంట్లోకి ఇనుము ఎక్కువగా వచ్చినప్పుడు ఇది పెరిగి, పేగు గోడలోంచి ఇనుము రక్తంలోకి రాకుండా దారి మూస్తుంది. ఇన్ఫెక్షన్లలోనూ పెరుగుతుంది, ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడు మాత్ర సరిగా పనిచేయకపోవడానికి కారణం అదే. ఒక మోతాదు మాత్ర వేసుకున్నాక హెప్సిడిన్ దాదాపు 24 గంటలు ఎక్కువగా ఉంటుందని, కాబట్టి మరునాటి మాత్ర తక్కువ ఒంటబడుతుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు చూపించారు. 2017లో వాళ్లు ప్రచురించిన పరిశోధనలో నిల్వలు తగ్గిన యువతుల్లో రోజూ వేసుకున్నవారిలో 16 శాతం, రోజు విడిచి రోజు వేసుకున్నవారిలో 22 శాతం ఇనుము ఒంటబట్టింది. దీన్ని చూసి రోజువారీ మాత్ర పనికిరాదనుకోవద్దు. తరవాతి పరిశోధనల్లో మొత్తం మోతాదు సమానంగా ఉన్నప్పుడు రెండు పద్ధతుల్లోనూ నిల్వలు ఒకేలా నిండాయి, రోజు విడిచి రోజు వేసుకున్నవారికి కడుపు బాధలు తగ్గాయి. కాబట్టి రోజూ తట్టుకోలేక మానేసేవారికి ఇది వరం. తొందరగా పెరగాల్సిన గర్భిణికి, హీమోగ్లోబిన్ బాగా పడిపోయినవారికి రోజూ వేసుకోవడమే మేలు. ఒకే రోజు రెండు మూడు మాత్రలు వేసుకునే పాత పద్ధతికి మాత్రం ఇప్పుడు బలం తగ్గింది. ఫెర్రస్ సల్ఫేట్, ఫ్యూమరేట్, ఆస్కార్బేట్ పేర్లలో ఏది ఖరీదైతే అది మంచిదనుకోవడానికి ఆధారం లేదు. చూడవలసింది మాత్రలో ఉన్న అసలు ఇనుము ఎంత అన్నది.

మాత్ర పడనివారికి, పేగు పీల్చుకోనివారికి, ఎనిమిదో నెలలో హీమోగ్లోబిన్ 7.5 ఉందని తెలిసినవారికి సిర ద్వారా ఇచ్చే ఇనుము ఉంది. పాత ఐరన్ డెక్స్‌ట్రాన్‌తో తీవ్రమైన అలర్జీలు వచ్చేవి, ఆ భయం ఇంకా మిగిలింది. ఇప్పుడు వాడే ఐరన్ సుక్రోజ్‌ను 200 మిల్లీగ్రాముల చొప్పున కొన్ని విడతలుగా, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్‌ను ఒకేసారి 1000 మిల్లీగ్రాముల దాకా పావుగంట నుంచి అరగంటలో ఎక్కిస్తారు. అలర్జీ వస్తే చూసుకునే ఏర్పాటు ఉన్న చోటే ఇది చేయాలి, మొదటి మూడు నెలల గర్భంలో ఇవ్వరు. కార్బాక్సీమాల్టోజ్ పదేపదే తీసుకున్నవారిలో ఫాస్ఫేట్ పడిపోయి నీరసం, ఎముకల నొప్పులు రావచ్చు. ఇది తెలిసి కూడా నేను ఒక మాట నిక్కచ్చిగా అంటాను: నెలలు నిండుతున్న గర్భిణికి మళ్లీ మాత్రలే రాసి పంపడం కంటే ఇది మంచి వైద్యం. హీమోగ్లోబిన్ 5కు పడిపోయినప్పుడు, లేదా కాన్పు దగ్గరపడి 7 లోపు ఉన్నప్పుడు ఆసుపత్రిలో చేర్చి రక్తం ఎక్కించే సంగతి చూడాలి, ఎందుకంటే అలాంటి తల్లి కాన్పులో మామూలు రక్తస్రావాన్ని కూడా తట్టుకోలేదు.

బలవర్ధక బియ్యం గురించి కూడా చెప్పుకోవాలి. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక 2024 నాటికి రేషన్ దుకాణాలకు ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన బియ్యం చేరింది. వంద గింజలకు ఒకటి చొప్పున కలిపే ఆ తయారీ గింజలు నీళ్లలో తేలుతుంటే ప్లాస్టిక్ బియ్యం ఇచ్చారని మన ఊళ్లలో వాటిని ఏరి పారేశారు. ముందుగా ఎవరూ చెప్పకపోతే ఎవరైనా అలాగే అనుకుంటారు. కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము కలుపుతారు కాబట్టి 300 గ్రాములకు 8 నుంచి 13 మిల్లీగ్రాములు వస్తాయి. తిండిలో అది చిన్న చేర్పు కాదు. అయినా 2019లో పరిశోధనలను సమీక్షించిన కాక్రేన్ బృందం ఇలాంటి బియ్యంతో రక్తహీనత ముప్పు పెద్దగా తగ్గినట్టు ఆధారం దొరకలేదని చెప్పింది. నిల్వలు నిండి ఉన్నవారిని అలాగే ఉంచడానికి ఇది పనికిరావచ్చు. ఇప్పటికే వెయ్యి మిల్లీగ్రాముల లోటులో ఉన్న స్త్రీకి దీన్ని పరిష్కారంగా చూపించకూడదు.

హీమోగ్లోబిన్ 12 దాటగానే చాలామంది మాత్రలు ఆపేస్తారు. అప్పటికి నిండింది రక్తం, నిల్వలు ఇంకా ఖాళీయే. మరో మూడు నెలలు కొనసాగించాలి, వీలుంటే ఫెరిటిన్ చూసి ఆపాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ మాత్రల డబ్బాను వాళ్ల చేతికి అందకుండా పెట్టాలి, గుప్పెడు ఇనుము మాత్రలు పసివాళ్ల ప్రాణం తీస్తాయి. ఇక గర్భం వచ్చాక మొదలుపెట్టే వైద్యానికి ఉన్న సమయం ఎనిమిది నెలలు, ఆ వ్యవధిలో పాత లోటూ కొత్త ఖర్చూ రెండూ పూడ్చాలి. అందుకే నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో డబ్బూ శ్రద్ధా పెట్టవలసిన వయసు పదమూడు నుంచి పందొమ్మిది. నెలసరి మొదలై, పొడుగు పెరుగుతూ, ఇంట్లో అందరూ తిన్నాక మిగిలిన కూరతో తినే వయసు అది. బడిలో వారానికొక నీలం మాత్ర టీచరు కళ్ల ముందు మింగించడం, ఇంటర్ తరవాత చదువు మానేసిన అమ్మాయిలకు అదే మాత్ర అంగన్‌వాడీలో ఇవ్వడం, పదో తరగతిలో ఒకసారి హీమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ కూడా పరీక్షించడం, నెలసరి ఎలా ఉందని ఏఎన్ఎం విడిగా కూర్చోబెట్టి అడగడం. ఇందులో మొదటి రెండూ కాగితం మీద ఇప్పటికే ఉన్నాయి. ఫెరిటిన్ పరీక్షకు ప్రైవేటు ల్యాబుల్లో వందల్లోనే అవుతుంది. జిల్లా ఆసుపత్రుల ల్యాబుల్లో పెద్ద సంఖ్యలో చేస్తే ఇంకా తగ్గుతుంది. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు వచ్చే బడ్జెట్‌లో చేర్చుకోదగ్గ ఖర్చు అది.